పెంచలమ్మ వంకలు

“థూ! ఇదేం కంపు పాపా! దీంట్లో మనుషులు పడుకుంటారా, పందులు పడుకుంటాయా?”

పెంచలమ్మ ట్రైలర్ మెట్టు మీద నిలబడి లోపలికి తొంగి చూస్తూ గుమ్మం పక్కనే ఉమ్మింది. రిసెప్షన్‌లో పనిచేసే ఏంజెలిన్ ఆ ఉమ్మి చూడలేక తల తిప్పుకుంది. పొద్దున్నే ఫినాయిలు వేసి దగ్గరుండి తుడిపించిన గుమ్మం అది.

“కంపు కాదమ్మా, లావెండర్ సెంటు.”

“ఏ సెంటయితేనేం, దోమల మందు కొట్టినట్టుండాది.”

సముద్రం ఒడ్డున సరుగుడు తోపులో రిసార్టు తెరిచాక అదే మొదటి శనివారం. ఓనరు నరేంద్రబాబు రొయ్యల గుంటల్లో రెండుసార్లు నిండా మునిగినవాడు. మిగిలిన ఓపికంతా ఈ పాత ట్రైలర్ మీదే పెట్టాడు. ఎప్పుడో దొరలు కారుకు తగిలించుకుని ఊళ్లు తిరిగిన బండి. మద్రాసులో పాత ఇనుము కొట్టు వెనక తుప్పు పట్టి పడి ఉంటే తెచ్చి, సొట్టలు తీయించి, లేత నీలం రంగు వేయించి, లోపల మంచం, వంటగట్టు, బాత్రూము అమర్చాడు. చుట్టూ గుడారాలు ఉన్నాయిగానీ, రిసార్టుకు పేరంటూ వస్తే ఈ బండి వల్లే రావాలి.

ఆ పేరు కోసమే యూట్యూబ్‌లో వీడియోలు పెట్టే ఉషారాణిని పిలిపించి పక్క గుడారంలో దింపారు. ఆమె వీడియో పెడితే జనం వస్తారు. పెట్టకపోతే సారుతో పాటు ఏంజెలిన్ ఉద్యోగం కూడా గంగలో కలుస్తుంది.

సరిగ్గా అదే రోజు చిట్టమూరు వైపు నుంచి ఆటోలో ఈ పెంచలమ్మ ఊడిపడింది. ట్రైలర్ ఆమెకే ఇమ్మని నరేంద్రబాబు ఫోన్ చేశాడు. “ఏమన్నా ఎదురు చెప్పొద్దు” అని కూడా చెప్పాడు. ఎవరో పెద్ద ఆఫీసరు తాలూకు మనిషి కాబోలని ఏంజెలిన్ అనుకుంది. అనుకుని నోరు మూసుకుంది.

పెంచలమ్మ పరుపు నొక్కి చూసింది. “ఛీ, బురదలో చెయ్యి పెట్టినట్టుండాది.” బాత్రూము తలుపు తీసి చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. “కూడు తినే చోటి పక్కనే దొడ్డా! కడుపులో తిప్పతా ఉండాది పాపా.”

“పోనీ వేరే గుడారం ఇస్తానమ్మా. బాత్రూము దూరంగా ఉంటుంది.”

“నేనెందుకు పోతా? ఈడనే ఉంటా.”

వంకలేనమ్మ డొంక పట్టుకుని ఏడ్చిందట. ఈవిడకు ఆ డొంక కూడా అక్కర్లేదు. బొమ్మిడాయిల పులుసు తెచ్చిపెడితే “నీచు కంపు, నోట్లో పెట్టేటట్టుందా?” అంది. అంటూనే ముల్లు మిగల్చకుండా తిని, గిన్నె అడుగు వేలితో ఊడ్చి నాకింది. ఆ వేలు చూసి ఏంజెలిన్‌కి రోత పుట్టింది. తిట్టిన నోటితోనే ఇంత తినడానికి సిగ్గుండాలి కదా!

సాయంత్రం ఉషారాణి ఫోన్ పట్టుకుని వచ్చింది. నీలం బండి మీద ఎండ పడి మెరుస్తోంది.

“అబ్బ! ఎంత ముద్దుగా ఉందో చూడండి ఫ్రెండ్స్! నేనైతే ఇలాంటిది...”

“ఏంది ముద్దుగా ఉండేది, నా మొకం!” పెంచలమ్మ గబగబా వచ్చి ఫోన్‌కు అడ్డం నిలబడింది. “ఉట్టి తుప్పు డొక్కు. మద్దేనం నించి లోపలుంటే ఒళ్లంతా జిల పుట్టింది. ఈళ్ల గిన్నెలు చూడు, ఎంత మసి పట్టినాయో!”

బయట పొయ్యి మీదున్న గిన్నె అడుగున వేలు రాసి, ఆ మసి తీసుకెళ్లి కొత్త నీలం రంగుకు పూసింది. తర్వాత చక్రం పక్కన థూ అని ఉమ్మింది.

“యాక్!” అని ఉషారాణి ఫోన్ దించేసి గుడారంలోకి వెళ్లిపోయింది.

ఏంజెలిన్‌కి ఇక ఓపిక చచ్చింది. తడిగుడ్డతో మసి తుడిచేసి తిన్నగా నరేంద్రబాబు దగ్గరికి వెళ్లింది. ఆయన సరుగుడు చెట్ల వెనక నిలబడి ఇటే చూస్తున్నాడు.

“సార్, ఆమెను పంపించెయ్యండి. ఎక్కడ పడితే అక్కడ ఉమ్ముతోంది, మసి పూస్తోంది. అసహ్యంగా ఉంది సార్!”

“ఉండనీ ఏంజెలిన్. ఏం అనొద్దు.”

ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు. మూడోసారి కూడా మునిగానని ఏడుస్తున్నాడు కాబోలు, పాపం అనుకుంది.

తెల్లారేసరికి బండి మీద మసి మళ్లీ ఉంది, ఈసారి ఇంకా పెద్దది. ఉషారాణి అప్పటికే సంచులు కారులో పెట్టించేసింది.

“సారీ అండీ. ఈ రోతంతా చూశాక వీడియో నా వల్ల కాదు. తీసింది కూడా చెరిపేశాను.”

కారు తారురోడ్డు ఎక్కి మలుపు తిరిగేదాకా పెంచలమ్మ మెట్టు మీదే నిలబడి చూసింది.

“హమ్మయ్య! పీడ పోయింది.”

ఆ మాటతో ఏంజెలిన్‌కి ఒళ్లు మండిపోయింది. ఎవరి తాలూకైతే ఏం, ఇంక ఊరుకునేది లేదనుకుంది.

“మీకు మనసనేది ఉందా అమ్మా? మా సారు ఈ బండి మీదే ప్రాణాలు పెట్టుకున్నారు. నిన్నటి నుంచి తిన్నారు, పడుకున్నారు. ఒక్కటంటే ఒక్కటి బాగుందని అనడానికి మీకు నోరెందుకు రాలేదు?”

పెంచలమ్మ అటూ ఇటూ చూసింది. మెట్టు దిగి వచ్చి, ఏంజెలిన్ చెయ్యి పట్టుకుని, చెవి దగ్గరికి వంగింది.

“మీ సారు నా కడుపున పుట్టినోడే. బిడ్డకి కన్నతల్లి దిష్టే ముందు తగలతాది తల్లీ!”