మౌస్ కదలలేదు

"బటన్ల మీద అక్షరాలొద్దయ్యా, అన్నీ బొమ్మలే పెట్టు. కీబోర్డు షార్ట్‌కట్లు అసలే వద్దు" అన్నాడు ఆసుపత్రి మేనేజరు ఫోన్లో.

ప్రోగ్రామరు నసిగాడు. "అవి పెట్టడం ఒక్కపూట పని సార్. పాత ప్రోగ్రాము అంతా వాటితోనే నడుస్తోంది కదా."

"పాతదానిలాగే ఉంటే ఇంక నువ్వెందుకు? ఏం చెయ్యాలన్నా మౌస్ పట్టుకోవాల్సిందే."

పని ఇచ్చినవాడి మాటే వేదం. ప్రోగ్రామరు సరేనన్నాడు.

ఆ ఆసుపత్రిలో డాక్టర్ని కలవాలంటే ముందు ఫోన్ చేసి టోకెను తీసుకోవాలి. ఆ ఫోన్ ఎత్తే ఆవిడ పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ టోకెనక్కే. అవతలివాళ్లు పేరు చెప్పి ఊపిరి తీసుకునేలోగా నంబరు చెప్పేస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఆమె కంప్యూటరులో ఉన్నది ఒకే ప్రోగ్రాము. దాన్నిప్పుడు వెబ్‌లోకి మార్చాలి. ప్రోగ్రామరు ఇంట్లో కూర్చునే పని చేశాడు. ఆసుపత్రి గడప తొక్కిందే లేదు.

పేజీ చూడముచ్చటగా వచ్చింది. గుండెకు గుండె బొమ్మ, పంటికి పన్ను బొమ్మ, అన్నీ రంగురంగుల గడుల్లో. అతని భార్య చూసి, "ఇది ఆసుపత్రా, ఐస్‌క్రీము కొట్టా?" అంది. అతను పొంగిపోయాడు.

పాతది నడుస్తుండగానే కొత్తది నేర్చుకోవడానికి మేనేజరు అక్కకు వారం గడువు పెట్టాడు. కొత్త పేజీలో గంటకు ముప్పై టోకెన్లు ఇస్తే అక్క సీటు అక్కదే. లేదంటే ఇంటికే. ఊరికే పొమ్మనడానికి వీల్లేని ఉద్యోగం ఆమెది. చేతకాలేదని కాగితం మీద రుజువు కావాలి. ఆ సీటు కోసం మేనేజరు బావమరిది ఏడాదిగా కాచుక్కూర్చున్నాడు.

మొదటిరోజే అక్క ఫోన్ చేసింది.

"బాబూ, ఆ పాత షార్ట్‌కట్లు ఉంచవూ? పాతదైతే నాతో మాట్లాడేది. ఇది మూగదానిలా ఉంది."

ప్రోగ్రామరుకు నవ్వొచ్చింది. మిషన్లతో కబుర్లు చెప్పే మనిషి ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు. "అలవాటైతే నల్లేరు మీద నడకే అక్కా. పైన ఎడమవైపు నీలం గడిలో గుండె బొమ్మ ఉంది చూడండి. దాన్ని నొక్కడమే."

"మేనేజరుగారు నా గురించి నీకేం చెప్పలేదా?"

"ఎందుకు చెప్పలేదూ, అంతా చెప్పారు" అన్నాడు. మొండిఘటమనీ, కొత్తదంటే ఒంటికి పడదనీ మేనేజరు చెప్పిన మాట నిజమే.

"అయితే తెలిసే చేశావన్నమాట" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

నాలుగు రోజులైనా ఒక్క టోకెనూ పడలేదు. ఈసారి అతనే ఫోన్ చేశాడు. "ఏంటక్కా ఇది? కాస్త కళ్లు పెట్టి చూడండి. చిన్నపిల్లలు కూడా చేసేస్తారు."

"ఈ ఉద్యోగం పోతే నాకు ఇంకొకటి ఎవరూ ఇవ్వరు బాబూ."

"అందుకేగా నేర్చుకోమంటున్నది!" అతనికి చిరాకేసింది. ఇంత చాదస్తమైతే ఎలా?

వారం తిరిగింది. మేనేజరు నివేదిక అడిగాడు. ప్రోగ్రామరు రికార్డులన్నీ తిరగేసి రాసిచ్చాడు: 'ఏడు రోజుల్లో మౌస్ ఒక్కసారి కూడా కదలలేదు. ఈమెకు నేర్చుకునే ఉద్దేశమే లేదు.' పాపం అనిపించింది కానీ, రాసినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు.

కొత్త పేజీ మొదలయ్యే రోజున అతను మొదటిసారి ఆసుపత్రికి వెళ్లాడు. మేనేజరు భుజం తట్టి మెచ్చుకున్నాడు. టోకెనక్క కుర్చీలో బావమరిది కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. బల్ల చివర ఆమె కీబోర్డు, తెగినచోట టేపు చుట్టిన ఇయర్‌ఫోను ఒక మూలకు నెట్టేసి ఉన్నాయి. అటెండరు అట్టపెట్టె విప్పి కొత్త మానిటరు బిగిస్తున్నాడు.

"పాత మానిటరు పాడైందా?" అడిగాడు ప్రోగ్రామరు.

"ఈ సీటుకు మానిటరు ఎప్పుడుంది సార్, చూపులేని మనిషికి మానిటరెందుకని ఇరవై రెండేళ్లుగా ఎవరూ పెట్టలేదు" అన్నాడు అటెండరు.