తక్కువ యూనిట్ల షిఫ్టు

"లాజరుని చంపింది మీరు, మీ బోర్డు."

చెక్కపొడి మిల్లు గేటు దగ్గర ఓనరుని నిలేసి తెరేసమ్మ మళ్లీ మొదలుపెట్టింది. మొగుడు లాజరు పోయి నెలైంది. రోజూ వస్తుంది. రోజూ అదే మాట.

ఆటోనగర్‌లో విరిగిన ప్యాకింగు చెక్కపెట్టెలన్నీ ఈ మిల్లుకే చేరతాయి. అగరుబత్తులకి పొడి కొడతారు. పొడి ఎంత మెత్తగా కావాలంటే మిల్లు అంత కరెంటు తాగుతుంది. అందుకే ఓనరు రామకోటేశ్వరరావు గోడకి బోర్డు కొట్టించాడు: టన్నుకి తక్కువ యూనిట్లు కాల్చిన షిఫ్టుకే ఆదివారం సెలవు.

దుమ్ము లాగే ఫ్యాను ఒక్కటే పావు వంతు కరెంటు మింగుతుంది. లాజరు పోయిన శనివారం అది ఆగింది. గదంతా దుమ్ము కమ్మింది. పెట్టెచెక్కలో మిగిలిన మేకు మిల్లులో రాసుకుంది. ఒక్క నిప్పురవ్వకి గాల్లోని దుమ్మంతా భగ్గున పేలింది. లోపల లాజరు ఒక్కడే.

ఆపరేటరు లాజరే ఫ్యాను ఆపి లోపలికెళ్లాడని కాగితం రాసి చేతులు దులుపుకున్నారు.

"ఆయన ఆపలేదు బాబుగారూ."

"మరెవరాపారమ్మా, దెయ్యమా? వరండాలో ఫ్యాను స్విచ్చి దగ్గరే గోతాలు కుడుతూ నువ్వు కూడా ఉన్నావుగా. ఎవరన్నా వచ్చారా?"

"ఎవరూ రాలేదు."

"మరింకేం?"

తెరేసమ్మ కుడిచెయ్యి కొంగులో దాచుకుంది. ఆ రోజు నుంచి ఆమె వరండా మెట్టు ఎక్కలేదు.

కొత్త ఆపరేటరు యేసుకుమార్ ఆమెకి చెవిలో చెప్పేవాడు. "మిల్లు ఆపాక లోపల ఎవరో దగ్గుతున్నారు పిన్నీ."

ఆమెకి ఆ దగ్గు ఇంట్లోనూ వినిపిస్తోంది.

ఉన్నట్టుండి మిల్లు గది తలుపు సందులోంచి దుమ్ము పొగలా బయటికొచ్చింది. వరండాలో ఫ్యాను స్విచ్చి పక్కన యేసుకుమార్ తలొంచుకుని ఉన్నాడు.

"ఆదివారం మా పాపకి బాప్తీస్మం పిన్నీ. ఒక్క గంటే ఫ్యాను ఆపుతా."

తెరేసమ్మ మెట్లెక్కింది. అతన్ని పక్కకి నెట్టి మిల్లు ఆపేసింది. మోత చచ్చింది. లోపల ఎవరో దగ్గారు.

ఆమె ఓనరు వైపు తిరిగింది.

"బోర్డు ఇప్పుడే పీకండి. ఫ్యాను తిరగందే మిల్లు తిరక్కుండా వైరు కలపండి. ఆ కాగితంలో లాజరు పేరు కొట్టేసి, ఒక్క ఆదివారమన్నా చర్చిలో ఆయన పక్కన కూచోవాలని ఆ రోజు ఈ ఫ్యాను స్విచ్చి నొక్కి ఆపిన నా పేరు రాయండి."