బిగించిన నట్టు

నవంబరు పదకొండో తేదీ, మంగళవారం, ఉదయం పది గంటలు. షెడ్డులో ఉన్నది ముగ్గురే: మెకానిక్, లెక్కల మాస్టారు, రెండు నెలలుగా పుట్టింట్లోనే ఉండిపోయిన మాస్టారి భార్య. వారి నడుమ, స్టాండు మీద, మాస్టారి పందొమ్మిదేళ్ల నాటి మోటారు సైకిలు. దాని మీద వెళ్తూ, మలుపు తిరగలేక రోడ్డు దిగిపోయి, ఆమె తమ్ముడు చనిపోయాడు. బండి ఇసుక గుట్టలో పడింది. అతని తల రాతికి తగిలింది.

"నాకు ఒక్క మాట తేల్చి చెప్పండి అన్నయ్యా," అంది ఆమె, భర్త వైపు చూడకుండా. "ముందు చక్రం దగ్గర టక్కుటక్కుమని వీధంతా వినబడేది. అది తెలిసి కూడా ఈయన వాడి చేతికి తాళం ఇచ్చారు. ఆ చప్పుడే వాణ్ని మింగిందా? కాదంటే ఇవాళే ఈయనతో మా ఇంటికి వచ్చేస్తాను. అవునంటే కాగితం మీద రాసివ్వండి. మా నాన్నకు చూపించి పుట్టింట్లోనే ఉండిపోతాను."

"చప్పుడు చేసే ప్రతిదీ చంపదమ్మా. అలాగైతే మా ఆవిడ గురకకు నేను ఏనాడో పోవాలి."

ఎవరూ నవ్వలేదు. మెకానిక్ నాలుక కరుచుకుని, బండి ముందు గొంతుకూర్చున్నాడు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు గొట్టాలు రెండూ వేళ్లతో తడిమి చూశాడు. వంకర ఎక్కడా లేదు.

"తొమ్మిదేళ్లుగా ఈ చప్పుడు నాకు తెలుసు. గతుకులో పడ్డప్పుడే వచ్చేది, బ్రేకు వేస్తే వచ్చేది కాదు. అంటే గొట్టాల లోపలి బుష్షులు అరిగాయన్నమాట. ముసలాయన మోకాళ్లలాంటివి. మూలుగుతాయి గానీ మనిషిని నడిపిస్తాయి. బ్రేకు వేసినప్పుడు వచ్చే చప్పుడైతే వేరు. అది హ్యాండిలు మెడ వదులైందని చెప్పడం. అప్పుడు భయపడాలి."

"అయితే ఈ చప్పుడు వల్ల..."

"పడిపోరమ్మా."

రెండు నెలల తర్వాత మొదటిసారి ఆమె భర్త ముఖంలోకి చూసింది. "చిక్కిపోయారు," అంది. భుజానికున్న సంచి తీసి బల్ల మీద పెట్టింది.

మెకానిక్ తన అలవాటు ప్రకారం పరీక్ష పూర్తి చేయబోయాడు. ముందు చక్రాన్ని నేల నుంచి లేపి, హ్యాండిలును ఒక్క వేలితో పక్కకు నెట్టాడు. బాగున్న బండి హ్యాండిలు ఆ మాత్రానికే తనంతట తాను పక్కకు వాలిపోవాలి. ఇది నెట్టినచోటే నిలిచిపోయింది. రెండోవైపు నెట్టాడు. అక్కడా అంతే. బ్యాటరీ లైటు తెచ్చి మెడ కింద వేసి చూశాడు.

"ఎవరో మెడ నట్టు బిగించారు," అన్నాడు. "ఉలి పెట్టి సుత్తితో కొట్టిన గాట్లు. కొత్తవి. చప్పుడు బుష్షుల్లోంచి వస్తుంటే మెడలోంచి అనుకున్నారు. ఇంతలా బిగిస్తే చప్పుడూ పోదు, హ్యాండిలూ తిరగదు. వేగంగా మలుపు తిరిగేటప్పుడు బండి మొండికేస్తుంది. ఈ పని ఎవరు చే..."

"నేనే," అన్నాడు మాస్టారు.

"మీరా?" అంది ఆమె.

"చప్పుడు పోతుందనుకున్నాను."

ఆమె సంచి మళ్లీ భుజాన వేసుకుంది. ఏడవలేదు. "మీ బళ్లో లెక్క తప్పితే కొట్టేసి మళ్లీ చేయిస్తారు కదా. నా తమ్ముణ్ని ఎలా చేయిస్తారు, చెప్పండి?"

మాస్టారు నేల మీది నూనె మరకను చూస్తూ నిలబడ్డాడు.

మెకానిక్ కార్బను పెట్టి రెండు ప్రతులు రాశాడు. మొదటి ప్రతి మీద మాస్టారు సంతకం చేశాడు. ఆమె ఒక్కొక్క మాటా చదువుకుని, దాన్ని సంచిలో పెట్టుకుని, బయట ఆగి ఉన్న ఆటో ఎక్కింది. "వేళకు తిను," అన్నాడు మాస్టారు. ఆటో కదిలిపోయాక అన్నాడు, అందుకని ఆమెకు వినబడలేదు.

"మాస్టారూ," అన్నాడు మెకానిక్, "గొలుసుకు చుక్క నూనె వేయాలన్నా నా దగ్గరికే వచ్చే మనిషి మీరు. ఉలి ఎటువైపు పట్టుకోవాలో తెలుసా మీకు? ఆ నట్టు ఎవరు బిగించారు?"

మాస్టారు బల్ల దగ్గరికి వెళ్లాడు. రెండో ప్రతి మీద కూడా సంతకం చేశాడు. తేదీ వేశాడు. కాగితాన్ని అంచులు కలిసేలా నాలుగు మడతలు మడిచి, బల్ల సొరుగులో పెట్టి, సొరుగు మూసేశాడు. అప్పుడు అన్నాడు.

"ఆ రోజు వాడు బయల్దేరిన కాసేపటికి ఆవిడ ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది. వాడు పోయాడని కబురు అందగానే, ఆవిడ కంటబడకముందే నేను దాన్ని చెరిపేశాను. 'అక్కా, ఆ చప్పుడు ఆపమని నా ప్రాణం తీశావుగా, పొద్దున్నే నట్టు బిగించేశాను. బావకు మాత్రం చెప్పకు.'"