మంత్రిగారి మాటకు తాత్పర్యం

తాళాల వ్యాపారి చేతిలో మొదట ఉన్నవి రెండే. ఎనిమిదడుగుల దుకాణం, మంత్రిగారి మాటకు అర్థం చెప్పే విద్య.

చిన్నప్పుడు ఇద్దరిదీ ఒకే బెంచీ. అందుకే టీవీలో మంత్రిగారు నోరు విప్పితే చాలు, బజారులోని మిగతా పదకొండు దుకాణాలవాళ్లూ ఇతని చుట్టూ చేరేవారు. ‘పరిశీలిస్తాం’ అంటే చెయ్యరు. ‘పార్టీలో విభేదాల్లేవు’ అంటే చీలిక ఖాయం. ఒక్కసారీ గురి తప్పలేదు. బజారు అతనికి ‘తాత్పర్యం’ అని పేరు పెట్టింది. అది విని మంత్రిగారు కూడా తన కూతురి పెళ్లిలో ఇతని భుజం తట్టి నవ్వారు. "నా మాటకంటే నీ అర్థానికే గిరాకీ ఎక్కువటగదరా!"

ఆ నెలలోనే రోడ్డు వెడల్పు గొడవ మొదలైంది. ఇంటర్వ్యూలో యాంకరమ్మ సూటిగా అడిగింది. "బజారు కూల్చేస్తారా?"

"ఒక్క ఇటుక కూడా కదలదు" అని మంత్రిగారు గుక్కెడు నీళ్లు తాగారు.

బజారు ఊపిరి పీల్చుకుంది. తాత్పర్యం మాత్రం తల పట్టుకుని కూలబడ్డాడు.

"మంచిమాటేగా చెప్పాడు, అలా అయిపోయావేంటి బాబాయ్?" అంది గుండీలు అమ్మే ఆవిడ.

"అడగ్గానే అంత తేటగా ఎన్నడైనా చెప్పాడా తల్లీ? పైగా నీళ్లు తాగాడు. చిన్నప్పుడు మాస్టారి దగ్గర అబద్ధమాడినా ఇంతే. కొంప మునిగింది. వచ్చిన ధరకు వదిలించుకోండి."

తన దుకాణం తనే ముందు అమ్మాడు, సగం ధరకు. అమ్మేవాడి తొందరే కొనేవాడి లాభం. వారం తిరిగేసరికి పదకొండూ అదే దారి పట్టాయి.

రోడ్డు బజారు ముందు నుంచే వచ్చి, చక్కగా అవతలి పక్కకు వెడల్పయింది. ఇటుక కదల్లేదు. ధరలు మూడింతలయ్యాయి.

మళ్లీ ఇంటర్వ్యూ. "ఉన్నమాటే చెప్పానమ్మా. నమ్మకపోతే నేనేం చేసేది?" అన్నారు మంత్రిగారు, జాలిగా.

"నీ తాత్పర్యం తగలెయ్య! మా పొట్ట కొట్టావు కదయ్యా" అంది గుండీలావిడ. బాబాయ్ అనడం మానేసింది.

నేస్తం జన్మకో నిజం చెబితే, నమ్మని పాపం తనదే అనుకున్నాడు తాత్పర్యం. తన పాత దుకాణమే అద్దెకు అడుగుదామని, ఆ అమ్మకాలు జరిపించిన బ్రోకరును బతిమాలాడు.

"పన్నెండూ ఒక్కరే కొన్నారు. పద, చూపిస్తా" అన్నాడు బ్రోకరు.

పెద్ద గేటు దాటి లోపలికెళ్లాక, "వీరే మన ఓనరుగారు" అంటూ బ్రోకరు వంగి దణ్ణం పెట్టింది మంత్రిగారి అల్లుడికి.