పెద్దాయన అకౌంట్

ఒంటి వేలితో టైపు చేసే మా సూపర్‌వైజరు పెద్దాయన పోయి నెల దాటింది. ఆయన అకౌంట్‌ను మాత్రం ఎవరూ తీసేయలేదు. ఆవిరి వాల్వు తెరవాలంటే కంప్యూటర్లో ఇద్దరు అనుమతివ్వాలి. రాత్రి షిఫ్టులో కంప్యూటర్ దగ్గర ఉండేది ఒక్కరే. అందుకని రెండో అనుమతి ఆయన పాస్‌వర్డ్‌తో మేమే ఇచ్చేసేవాళ్లం. "చచ్చినా డ్యూటీ తప్పలేదు పాపం" అని నవ్వుకునేవాళ్లం కూడా.

ఈ రాత్రి మేనేజర్ ఫోన్ చేశాడు. "పొద్దున్నే తనిఖీ ఉందమ్మా. ఆయన అకౌంట్ తీసెయ్."

తీసేశాను. కింద మా తమ్ముడు ఆవిరి గొట్టంలోకి దూరి తుప్పు గీకుతున్నాడు. ఆ గీకుడు వాకీటాకీలో వినబడుతోంది.

కంప్యూటర్ టింగుమంది. ఆవిరి వాల్వు తెరవడానికి పెద్దాయన అనుమతి ఇచ్చినట్టు తెర మీద పడింది. రెండో అనుమతి నేనివ్వాలట.

వాకీటాకీ అందుకున్నాను. "ఒరేయ్, బయటికి రా!"

"ఉండక్కా, ఇంకాస్తే ఉంది."

"చెప్తుంటే నీక్కాదూ, ముందు రారా!"

గీకుడు ఆగలేదు. చేతులు రెండూ కీబోర్డు మీంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. నేను నొక్కకపోతే వాల్వు తెరుచుకోదు. నా పాస్‌వర్డ్ ఎవరికీ తెలీదు.

తెర మీద నా పేరు కింద, పాస్‌వర్డ్ గడిలో చుక్కలు పడుతున్నాయి. ఒక్కొక్కటే, నింపాదిగా, ఒంటి వేలితో కొడుతున్నట్టు.