లోబడమన్న వాక్యాలు

"కంప్యూటర్‌ల బైబిల్ ఎట్ల వెతకాల్నో జర నేర్పు బిడ్డా," అన్నాడు పాస్టర్ యోహాను. "సర్కారుకు లోబడి ఉండమన్న వాక్యాలన్నీ గావాలె. రేపు చర్చి కమిటీ మీటింగున్నది."

కూతురు కృపారాణి యూనివర్సిటీ హాస్టల్ నుంచి తార్నాకలోని ఇంటికి అప్పుడే వచ్చింది. తెలంగాణ కోసం తీసిన ర్యాలీలో చున్నీకి పట్టిన టియర్ గ్యాస్ ఘాటు ఇంకా పోలేదు.

"షార్ట్‌కట్ చెప్త. ఆ వాక్యాలు మాత్రం నేను తియ్యను," అంది. "కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కు. 'లోబడి' అని కొట్టు."

ఆయన ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. తెర వాక్యాలతో నిండింది.

"ఇప్పుడు 'ఫరో' అని కొట్టు నాయినా. మగపిల్లల్ని చంపమని ఆ ఐగుప్తు రాజు చెప్తే వినని మంత్రసానులు వస్తరు. దేవుడు వాళ్లను శిక్షించిండా?"

"లేదు."

"మరి మమ్మల్ని లోబడుమని ఎట్ల చెప్తవ్? చెప్తే నీ చర్చికి మళ్ల రాను."

యోహాను కళ్లజోడు తీశాడు.

"అవి నేను చెప్పేటియి గావు బిడ్డా. రేపు కమిటీవాళ్లు నాకు చెప్పేటియి. లాఠీ దెబ్బలు తిన్న మీ క్యాంపస్ పోరగాండ్లను మొన్న చర్చిల పండవెట్టిన. అందుకే నన్ను తీసేస్తమంటున్నరు. ముందుగాల చదువుకుంటే జవాబు చెప్పొచ్చు గదా."

కృపారాణి కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

"జరుగు నాయినా. రాజు మాట కాదన్న దానియేలును గూడ తీద్దాం."