సమాధికి రాసిన ఉత్తరం

జాబెజ్ ఊళ్ళోకి రాగానే ముందు శ్మశానానికే వెళ్ళాడు. అంతా కలియతిరిగినా కొత్త మట్టి ఎక్కడా కనబడలేదు.

అమెరికాలో ఈ వెర్మాంట్ కొండల్లో చలికాలం పోయినవాళ్ళను వెంటనే పాతిపెట్టరు. రాయిలా గడ్డకట్టిన నేలను ఎవడు తవ్వుతాడు? మంచు కరిగేదాకా శవం కొట్టంలోనే ఉంటుంది. దండులో తన స్నేహితుడు అసహెల్ వాళ్ళమ్మనీ ఇంకా అలాగే ఉంచారేమో అనుకుని, బురదలో కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు వెతుక్కుంటూ బయల్దేరాడు. దండు కోటు లోపలి జేబులో ఉత్తరం ఉందో లేదో మళ్ళీ తడుముకున్నాడు.

పెరట్లో ఒకావిడ ఎర్ర శాలువా కప్పుకుని, చక్కెర కోసం మేపుల్ చెట్లనుంచి కారిన తియ్యటి నీళ్ళు పెద్ద కాగులో కాస్తోంది. అసహెల్ ఎప్పుడూ చెప్పే కెజయా పిన్ని ఈవిడే అయ్యుంటుంది. నోరు పెద్దది గానీ మనసు వెన్న అనేవాడు.

"దండులో బూట్లివ్వడం మానేసి బురద తొడుగుతున్నారా?" అంది ఆవిడ, అతని కాళ్ళవైపు చూసి.

నోటి సంగతి నిజమే అనుకున్నాడు జాబెజ్. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నేను అసహెల్ స్నేహితుణ్ణండీ పిన్నిగారూ. వాళ్ళమ్మగారి సమాధి ఎక్కడో చూపిస్తే చాలు, నా దారిన నేను పోతాను."

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. కాసేపు అతన్ని ఎగాదిగా చూసింది.

"నిన్ను పంపింది వాడా, దండువాళ్ళా?"

వాడేననీ, దండులో తన గడువు తీరిపోయిందనీ, ఇంటికి పోతూ దారిలో దిగాననీ చెప్పాడు. ఆవిడ గరిటె పక్కన పెట్టింది. లోపలికి తీసుకెళ్ళి, రొట్టే ఉప్పు మాంసమూ ముందు పెట్టింది. వేడివేడి పాకం రొట్టె మీద తనే పోసింది.

"మరి వాడెప్పుడొస్తాడు?" అంది.

జాబెజ్ చేతిలో రొట్టె కింద పెట్టేశాడు. అంటే కెప్టెన్ ఒక్క ముక్క కూడా రాయలేదన్నమాట. దిక్కుమాలిన మనిషి, ఇంగ్లీషువాళ్ళతో యుద్ధం అంటే ఎగిరి గంతేస్తాడు గానీ, ఒక ఇంటికి చావు కబురు పంపే తీరిక లేదు. ఆ పాపిష్టి పని ఇప్పుడు తన నెత్తిన పడింది.

తల వంచుకుని చెప్పడం మొదలుపెట్టాడు. అసహెల్‌కి చదువు రాదు కదా, ఇంటినుంచి వచ్చిన ఉత్తరం తనే చదివి వినిపించాడు. అమ్మ పోయింది, సెలవు పెట్టి వెంటనే రా అని ఉంది అందులో. వాడు అలాగే కెప్టెన్ దగ్గరికి పరిగెత్తాడు. ఇళ్ళ దగ్గర పనులు మొదలయ్యే రోజులొస్తే చాలు, దండులో సగం మంది తల్లులకు జబ్బులొస్తాయి. కెప్టెన్ అలాంటి ఉత్తరాలు చూసి నవ్వి పొయ్యిలో పడేసేవాడు. ఇది మాత్రం పడెయ్యలేదు.

"నమ్మాడా?" అంది ఆవిడ.

"నమ్మాడండీ. నమ్మి ఏమన్నాడో తెలుసా? తల్లి బతికుంటే రెండ్రోజులు పంపేవాడినేమో, పోయినావిడ ఎక్కడికి పోతుంది, యుద్ధం అయ్యాక వెళ్ళి ఏడువు అన్నాడు."

ఆవిడ బల్ల అంచు పట్టుకుంది.

ఆ సాయంత్రమే అసహెల్ గడ్డకట్టిన సరస్సు మీద ఇంటివైపు నడక మొదలుపెట్టాడు. సగం దారిలో దండు గుర్రాలవాళ్ళు పట్టుకున్నారు. అప్పటికే చాలామంది పారిపోయి ఉన్నారు, ఎవడో ఒకణ్ణి శిక్షించి అందరికీ చూపించాలి కదా. వీడు దొరికాడు.

"కాల్చేశారండీ," అన్నాడు జాబెజ్. "కానీ వాడు పిరికివాడు కాదు. మట్టి వెయ్యకముందు అమ్మ మొహం ఒక్కసారి చూడాలని బయల్దేరాడు, అంతే. ఈ మాట మీరు ఊరంతా చెప్పాలి."

ఆవిడ ఏడవలేదు. బయట కాగు పొంగి నిప్పుల్లో పడుతున్న చప్పుడు వినబడుతోంది. మాడు వాసన ఇల్లంతా పట్టింది. ఏడాది పాకమంతా పోతున్నా ఆవిడ లేవలేదు.

జాబెజ్ జేబులోంచి ఉత్తరం తీశాడు. చివరి పొద్దున వాడు చెప్తుంటే తను రాసింది. అమ్మ సమాధి దగ్గర గట్టిగా చదివి, అక్కడే మట్టిలో పెట్టమన్నాడు.

"ఇలా ఇవ్వు," అంటూ ఆవిడ చెయ్యి చాపింది.

అతను వెనక్కి లాక్కున్నాడు.

"తప్పుగా అనుకోకండి పిన్నిగారూ. వాళ్ళమ్మకు తప్ప ఇంకెవరికీ చదవనని ఒట్టేశాను."

"అయితే ఇక్కడే చదువు."

"ఇక్కడెలాగండీ? ఇంకా పాతిపెట్టకపోతే శవం ఎక్కడుందో చూపించండి, ఆ పక్కనే కూర్చుని చదువుతాను. పోయేముందు వాడు అడిగింది ఇదొక్కటే."

ఆవిడ లేచి, గోడ పట్టుకుని మెల్లగా వచ్చి, అతని ఎదురుగా నేలమీద కూర్చుంది. చెదిరిన శాలువా సరిచేసుకుంది.

"చదువు నాయనా," అంది, "జబ్బంటే సెలవివ్వరని, చచ్చిపోయానని రాయించిన వాళ్ళమ్మను నేనే."